ఆకలికి తోడు

అంకారావు పత్తి కొట్టులో పొద్దున్నే కాటా మీదికి మొదట ఎక్కేది పత్తి బస్తా కాదు, షైని. బూట్లు విప్పి, స్వెట్టరు తీసి, జుట్టుకు పెట్టుకున్న క్లిప్పు కూడా ఊడదీసి పక్కనున్న ఆరాధన చేతికిచ్చి ఎక్కుతుంది. క్లిప్పెంత బరువుంటుందని ఎవరూ అడగరు. తీసెయ్యమని సారు ఒకసారి అన్నాడు, అప్పట్నుంచీ అదొక ఆచారమైపోయింది.

సారంటే జగన్నాథరావు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు గానీ ఆ సంగతి ఆయన మెడలో ఈలకి ఇంకా తెలియదు. అంకారావు ఆయనకి వరసకు బావమరిది. అందుకే కొట్టు తలుపు తీయగానే కాటా ముందు ఈయన చేతికొస్తుంది. తిరువూరు చుట్టుపక్కల పరుగు నేర్పే మనిషి ఈయనొక్కడే. పైసా తీసుకోడు. ఆ మాట ఆయనా చెబుతాడు, ఊళ్ళో అందరూ చెబుతారు.

"నలభై ఒకటిన్నర," అన్నాడు సారు, సెల్‌ఫోను లైటు అంకెల మీద వేసి. "దిగుతోంది. గుడ్."

ఆ గుడ్ కోసమే షైని రాత్రంతా ఖాళీ కడుపుతో మంచం మీద అటూ ఇటూ దొర్లింది. ఇప్పుడది వినగానే ఆకలి సంగతే మరిచిపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఇంత చిన్న మాట చాలడం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఆ కొట్టులో మాత్రం ఎవరికీ వెయ్యలేదు.

తర్వాత ఆరాధన ఎక్కింది. ఇంటర్ ఫెయిలైన పిల్ల, పరుగులో కొత్త, బుగ్గలింకా బుగ్గల్లాగే ఉన్నాయి. సారు అంకె చూసి నాలుక చప్పరించాడు.

"రాత్రి ఏం తిన్నావ్?"

"కొంచెం అన్నం సార్."

"కొంచెం! ఆ కొంచెం ఎక్కడికి పోయిందో తెలుస్తోందిగా. తొడల్లో కూర్చుంది. ఆ తొడల్ని విస్సన్నపేట దాకా మోసేది నువ్వే తల్లీ, నేను కాదు."

బస్తాలు దింపుతున్న హమాలీలు నవ్వారు. షైని కూడా నవ్వింది. మాట పడింది తను కాదు కదా అని నవ్వింది.

వచ్చే నెల ఢిల్లీలో మారథాన్. నలభై రెండు కిలోమీటర్ల పరుగు. సారు చెప్పిన టైములో పూర్తి చేస్తే రైల్వేలో ఉద్యోగం దాదాపు ఖాయం. ఆ దాదాపు అన్న మాటని సారు ఒకసారి అంటాడు, ఒకసారి అనడు. షైని మాత్రం ఎప్పుడూ వినలేదు. వాళ్ళ పేటలో నెల తిరిగేసరికి జీతం తెచ్చుకునే ఆడపిల్ల ఇంతవరకూ లేదు.

ఆ రోజు కాలేజీ గ్రౌండులో గట్టి పరుగులు. మట్టి ట్రాకు చుట్టూ ప్రాణం పెట్టి రెండు రౌండ్లు, ఒక రౌండు మెల్లగా, మళ్ళీ ప్రాణం పెట్టి రెండు. మెల్లగా పరిగెత్తే రౌండులో ఊపిరి దొరకాలి, దొరక్కపోయినా ఈల మోగుతుంది. మోచేతులు పక్కటెముకలకి రాసుకోకూడదు, పిడికిలి బిగించకూడదు, తల ఊగకూడదు. ఇవన్నీ షైని ఒంటికి ఎప్పుడో పట్టేశాయి. అలసిపోయినప్పుడు ఆమె ముఖం ఇంకా ప్రశాంతంగా ఉంటుంది. సారు నేర్పిన విద్యల్లో అదీ ఒకటి. పక్కన పరిగెత్తేవాళ్ళకి నీ బాధ తెలియకూడదంటాడు.

చివరి రౌండ్లలో ఎడమకాలు మోకాలి కింద, ముందరి ఎముక మీద, వేలితో చూపించగలిగినంత చోట నొప్పి లేచింది. వారంగా అక్కడే లేస్తోంది. ఇన్నాళ్ళూ పరుగు ఆపగానే పోయేది. ఇవాళ పోలేదు.

"సార్, ఇక్కడ..."

ఆయన గొంతుకూర్చుని బొటనవేలితో నొక్కాడు. షైని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం మాత్రం ప్రశాంతంగా పెట్టింది.

"కండరం పట్టింది. ఒళ్ళు తేలికైతే దానిమీద బరువూ తగ్గుతుంది. మధ్యాహ్నం క్యారేజీ తింటున్నావా?"

"లేద్సార్."

"రాత్రి అన్నం?"

"లేద్సార్."

"మరింకేం. ఢిల్లీలో నీ ముందు పరిగెత్తేవాళ్ళని చూడు, ఒక్కొక్కళ్ళూ పుల్లలు. శనివారం లాంగ్ రన్ ఉంది, నూనె రాసుకుని పడుకో," అని లేచాడు.

షైని తలాడించింది. ఆయన వేరే సమాధానం చెబితే శనివారం పరుగు ఆగుతుంది, అది ఆగితే ఢిల్లీ ఆగుతుంది. ఆమెకి కావలసిన సమాధానమే ఆయన చెప్పాడు.

సాయంత్రం చర్చిలో ఉపవాస ప్రార్థనలు. కొత్త సంవత్సరం రాగానే సంఘంలో మూడు వారాల పాటు జరుగుతాయి. పొద్దు గూకేదాకా ఎవరూ ఏమీ తినరు. చీకటి పడ్డాక ప్రార్థన ముగించి, వంతుల ప్రకారం ఎవరో ఒకరు కాచి తెచ్చిన జావ తలా ఒక గ్లాసు తాగి ఇళ్ళకి పోతారు. ఈసారి ప్రార్థన అంశాల్లో షైని పరుగు కూడా చేరింది. చేర్పించింది ఆమె తల్లి ప్రేమావతి. పాస్టరు యేసురాజుగారి దగ్గరికి వెళ్ళి, మా పిల్ల ఉద్యోగం కోసం సంఘమంతా ప్రార్థన చెయ్యాలని అడిగింది. తనూ, పిల్లా మూడు వారాలూ ఉపవాసం ఉంటామని మాటిచ్చి వచ్చింది. పిల్లని ముందుగా అడగలేదు.

"అమ్మా, నేను రోజూ పరిగెత్తాలే," అంది షైని మొదటిరోజు.

"పరిగెత్తే కాళ్ళు ఎవరిచ్చారే?"

"దేవుడిచ్చాడు. ఆయనకి కూడా తెలుసు, పెట్రోలు పొయ్యకపోతే బండి నడవదని."

"నీ కోసం ముసలోళ్ళు కూడా మాడతా ఉంటే నువ్వు కూర్చుని మెక్కుతావా? బాగుంటదా?"

ప్రేమావతి అంకారావు కొట్టులోనే పత్తిలో పుల్లా ఆకూ ఏరే పనికి పోతుంది. ఎండెక్కి పత్తి ఏరేవాళ్ళు వచ్చే వేళకి కాటా మీద పిల్లలుండరు, రోడ్డు మీద ఉంటారు. కాబట్టి సారు తిండి తగ్గించమన్న సంగతి తల్లికి తెలియదని షైని నమ్మకం. తల్లి కట్టిచ్చిన క్యారేజీని డిసెంబరు నుంచీ వీధి కుక్కకి పెడుతోంది. ఉపవాసాలు మొదలయ్యాక ఆ పని తప్పింది, నష్టపోయింది కుక్క ఒక్కటే. అయినా షైనికి తల్లి మీద కోపం పోలేదు. సారు వద్దన్నది బరువు కోసం. అందులో ఒక లెక్కుంది. అమ్మ వద్దన్నది మూర్ఖత్వం. పగలు అమ్మ, రాత్రి సారు, ఇద్దరూ నన్ను పంచుకున్నారని ఆరాధనతో అని నవ్వింది కూడా.

ఆ సాయంత్రం జావ గ్లాసు చేతికొచ్చాక షైని సగమే తాగింది. పొద్దున్నే కాటా ఉంది. మిగతా సగం తల్లికిచ్చింది. ప్రేమావతి కాదనకుండా తీసుకుని, గ్లాసు వంక చూస్తూ కాసేపు కూర్చుని, పక్కన ఆడుకుంటున్న పిల్లాడిని పిలిచి వాడితో తాగించింది. తను చుక్క కూడా ముట్టలేదు. చూపించుకోవడానికి చేస్తోంది అనుకుంది షైని.

శనివారం తెల్లవారకముందే బయల్దేరారు. మంచు దట్టంగా ఉంది. సారు స్కూటరు లైటు ఆ మంచులో నాలుగు బారల దూరమే పాకుతోంది. ఆ వెలుగు చివరన షైని, ఆమె వెనక ఆరాధన. తిరువూరు దాటి విస్సన్నపేట రోడ్డెక్కాక రెండు వైపులా మామిడి తోటలు. పూత మీదున్నాయి. నిన్న కొట్టిన మందు వాసన పూత వాసనని మింగేసి గొంతులో మండుతోంది. ఎదురుగా పత్తి ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించుకుని వస్తాయి కాబట్టి ఎప్పుడూ ఎడమ అంచునే పరిగెత్తాలి. అక్కడ రోడ్డు పక్కకి వాలి ఉంటుంది. ఆ వాలు ఎన్నాళ్ళుగానో ఎడమకాలి మీదే పడుతోంది.

సారు మధ్యమధ్య పక్కకొచ్చి గ్లూకోజు నీళ్ళ సీసా చాపుతాడు. వేగం తగ్గించకుండా అందుకోవాలి, రెండు గుక్కలు తాగాలి, సీసా వెనక్కి విసరాలి. మూడో గుక్క తాగితే హారన్ కొడతాడు. హారన్‌కి ఆయన భాష ఉంది. చిన్నగా ఒకసారి కొడితే వేగం చాలదని. ఆపకుండా కొడితే సిగ్గు లేదా అని.

సగం దూరంలో ఆరాధన ఆగిపోయి స్కూటరెక్కింది. షైని విస్సన్నపేట దరిదాపుల్లో వెనక్కి తిరిగింది. అప్పటికి ఎండ వచ్చింది, మంచు విడిపోయింది. రోడ్డు పక్క బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఆమెని చూసి, పాపం పిల్ల ఎండుకుపోయిందనుకున్నారు. ఎండుకుపోవడానికి ఎంత కష్టపడిందో వాళ్ళకేం తెలుసు.

చివరి పది కిలోమీటర్లు ఢిల్లీ వేగంతో పరిగెత్తాలి. షైని వేగం పెంచింది. అడుగు పడ్డప్పుడల్లా ఎముకలో మేకు దిగుతున్నట్టుంది. కాసేపు అడుగులు లెక్కపెట్టింది, కాసేపు చర్చి పాట పాడుకుంది, కాసేపు రైల్వే యూనిఫారం ఏ రంగులో ఉంటుందోనని ఆలోచించింది. అవేవీ పనిచెయ్యలేదు.

"సార్, కాలు... నావల్ల కాట్లేదు సార్."

స్కూటరు పక్కకొచ్చింది. "ఢిల్లీలో ఈ మాట ఎవరితో చెబుతావ్? అక్కడ నేనుంటానా? మీ అమ్మ ఉంటుందా?"

"నిజంగా సార్, లోపల..."

"నొప్పి అందరికీ ఉంటుంది. ఆగినవాళ్ళు మీ పేటలో బోలెడుమంది ఉన్నారు. వెళ్ళి వాళ్ళతో కూర్చో."

ఆ తర్వాత హారన్ మోగడం మొదలైంది. ఎద్దుని అదిలించినట్టు వెనకనుంచి ఆపకుండా మోగింది. స్కూటరు మీదున్న ఆరాధన చెవులు మూసుకోబోయి, సారు అద్దంలో చూస్తాడని చేతులు దించేసింది. షైని పరిగెత్తింది. ఊరి మొదట్లో మిల్లు గొట్టం కనిపించింది. ఇంక కొంచెమే అనుకుంటుండగా ఎండుకట్టె విరిగిన చప్పుడు వినిపించింది. అది తన ఒంట్లోంచి వచ్చిందని కింద పడ్డాక గానీ ఆమెకి తెలియలేదు.

"లే," అన్నాడు సారు. "లే, లే, లాస్ట్ కిలోమీటర్."

అప్పుడు కాలు చూశాడు. మోకాలి కింద అది తిరగకూడని వైపు తిరిగి ఉంది. ఆయన ముఖం పాలిపోయింది. అయినా ముందు చేసిన పని, మెడలో వేలాడుతున్న స్టాప్‌వాచ్ నొక్కి ఆపడం. ఆ తర్వాతే స్కూటరు దిగాడు.

తిరువూరు ఆసుపత్రిలో సిమెంటు కట్టు కట్టించారు. డాక్టరు చిన్న వయసు మనిషి, ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. ప్రేమావతి కొట్టునుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె జుట్టులో, కనురెప్పల మీద పత్తి నూగు అలాగే ఉంది. సారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నెలసరి ఎప్పుడొచ్చింది?" అంది డాక్టరు.

షైని సారు వంక చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"వినాయకచవితి ముందు," అంది నెమ్మదిగా.

ఆ సంగతి సారుకి తెలుసు, తల్లికి తెలియదు. అది ఆగిపోతే ఒళ్ళు పరుగుకి తయారైనట్టని సారే చెప్పాడు. అప్పుడు షైని సంతోషపడింది కూడా.

"ఈ వయసు ఎముక ఇలా ఊరికే విరగదు," అంది డాక్టరు. ఆమె గొంతులో కోపం ఉంది. "ఎప్పట్నుంచో సన్నగా చీలి ఉంది. దానిమీదే పరిగెత్తించారు. ఒంట్లో ఏమీ లేదు. ఈ అమ్మాయి తిండి మాన్పించింది ఎవరు?"

షైనికి సమాధానం తెలుసు. నాలుక చివరన ఉంది. చెబితే సారు ఆ గుమ్మం దాటి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. కాలు అతుక్కుంటుంది. అతుక్కున్నాక పరుగెక్కడ? ఎవరి వెనక?

"నేనేనమ్మా," అంది ప్రేమావతి. "ఉపవాసం పెట్టించా. నా వల్లే."

డాక్టరు ఆమెని ఎగాదిగా చూసింది. "మీలాంటివాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియదు," అని కాగితం మీద మందులు రాసుకుంటూ వెళ్ళిపోయింది.

షైని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నారేమో, తలుపు బయట సారు మాట్లాడటం ఆమెకి స్పష్టంగా వినిపించింది.

"చూడమ్మా, ఉపవాసాలూ అవీ నాతో ఒక మాట చెప్పాలా వద్దా?"

"తప్పయిపోయింది సారూ."

"అప్పుడే ఊళ్ళో నన్నంటున్నారు. పిల్లని చంపేస్తున్నాడని. రేపు నా దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపిస్తారు? ఇప్పుడు నువ్వు డాక్టరుతో అన్న మాటే మీ సంఘంలో కూడా ఒకసారి చెప్పు. నిజమేగా. షైనిని మళ్ళీ నిలబెట్టాల్సింది నేనే కదా, నా పేరు పోతే నేనేం చెయ్యగలను?"

"మళ్ళీ తీసుకుంటారా సారూ?"

"ముందు కాలు అతకనీ," అన్నాడు సారు.

మరునాడు ఆదివారం. ఉపవాస ప్రార్థనలకి అదే ఆఖరి రోజు. సాక్ష్యాలు చెప్పే వేళ. మూడు వారాల్లో దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కళ్ళూ లేచి చెప్పాలి. ఒకామెకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, ఒకాయనకి పింఛను పడింది. షైనిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. సారు చెప్పులు బయట విడిచి వెనక వరసలో నిలబడ్డాడు. ఆరాధన తన తల్లి పక్కన చాప మీద కూర్చుని ఉంది.

ప్రేమావతి కొంగు తలమీద సర్దుకుని లేచింది.

"సంఘానికి వందనాలు. నా బిడ్డ కాలు విరిగింది నా వల్లే. తినే పిల్లని తిననివ్వకుండా ఉపవాసం పెట్టించా. సారుకి చెప్పలా. సారు తప్పేం లేదు. నన్ను క్షమించండి."

యేసురాజుగారు చెడ్డవాడు కాదు. కానీ ఉపవాసం వల్ల కాలు విరిగిందంటే, ఉపవాసం పెట్టిన మనిషి ఊరుకోలేడు. ఆయన వేదిక మీదనుంచి ఒక మెట్టు దిగాడు.

"అమ్మా, ప్రేమావతమ్మా, ఉపవాసం ఎముకలు విరగ్గొడుతుందా? ఇంతమంది ఉన్నారే, వీళ్ళకేమైంది? నువ్వు దేవుడి కోసం ఉన్నావా, ఉద్యోగం కోసం ఉన్నావా? దేవుడితో బేరం పెట్టుకున్నావు. బేరం పెట్టుకున్న ఇంట్లో ఇలాగే జరుగుతుంది. అందరం ఈ కుటుంబం కోసం ప్రార్థన చేద్దాం."

అందరూ కళ్ళు మూసుకున్నారు. షైని మూసుకోలేదు. తల్లి ఒక్కతే మధ్యలో నిలబడి ఉంది, కూర్చోవాలో నిలబడాలో తెలియనట్టు. లేచి అరవాలనిపించింది షైనికి. లేవడానికి కాలు లేదు. అరవడానికి కాలెందుకు? ఆ ప్రశ్న వేసుకుని కూడా ఊరుకుంది. వెనక వరసలో సారు ఉన్నాడు.

ఆ సాయంత్రం జావ వంతు ప్రేమావతిది. రాగి జావ కాచి, ఉల్లిపాయలు సన్నగా తరిగి, మజ్జిగ కలిపి తెచ్చింది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని, పొద్దుపోయింది వదినా అంటూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గిన్నె గిన్నెలాగే ఇంటికి తిరిగొచ్చింది.

ఇంటికొచ్చాక ప్రేమావతి ఆ జావే గ్లాసులో పోసి షైనికిచ్చి, మంచం పట్టె మీద కూర్చుంది. షైని గ్లాసు పట్టుకుని ఏడ్చింది.

"అమ్మా, నీ వల్ల కాదే. ఉపవాసాలకి ముందు కూడా నేను తినట్లేదు. సారు..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"క్రిస్మస్ పోయాక ఒకరోజు లోడు ఉందని అంకారావుగారు తెల్లారకుండానే పిలిచారు. బస్తాల వెనక ఉన్నా. నువ్వు కాటా ఎక్కావు. రాత్రి అన్నం మానెయ్యమని ఆయన అంటన్నాడు, అట్టాగే సార్ అని నువ్వంటన్నావు. ఇంటికొచ్చి, తిన్నానమ్మా అని నాతో చెప్పావు. నేను కట్టిన క్యారేజీ కుక్క ముందు పోయడం కూడా చూశా."

"మరి అప్పుడే అడగలేదేంటి?"

"అడిగితే మానేదానివా? మానమనడానికి నాకు మాత్రం నోరొచ్చిద్దా? నీకు ఆ ఉద్యోగం రావాలని నాకు లేదా?" ప్రేమావతి కాలి కట్టు మీద పడ్డ నూగు ఏరి పక్కన పడేసింది. "ఎట్టాగూ మాడతన్నావు. దొంగతనంగా ఒక్కదానివే మాడే బదులు దేవుడి పేరు చెప్పుకుని మాడితే కాస్త తట్టుకుంటావనుకున్నా. నేనూ తినకుండా ఉంటే నీకు తోడుంటదనుకున్నా. అందుకే అయ్యగారి దగ్గరికెళ్ళి పేరిచ్చా. సారు తినొద్దంటన్నాడు, అయ్యగారు ఉపవాసం అంటన్నారు. చదువుకున్న ఇద్దరూ ఒకటే మాట అంటంటే మంచికేనేమో అనుకున్నానే. ఎముకకి కూడా తిండి కావాలని నాకేం తెలుసు?"

చర్చిలో అమ్మ ముట్టని జావ గ్లాసూ, చూపించుకోవడానికే అనుకున్న తన బుద్ధీ గుర్తొచ్చి షైని సిగ్గుతో చచ్చిపోయింది.

"మరి ఇవాళ అందరి ముందూ అట్లా ఎందుకు చెప్పావు?"

"చెబితే ఏం పోయింది? రెండ్రోజులు మాట్లాడరు, మూడో రోజు వాళ్ళే వత్తారు. సారు పోతే రాడు. ఈ మాట ఎక్కడా అనబాకు. తాగు."

షైని తాగింది.

వారం తిరిగాక సారు స్కూటరు వాకిట్లో ఆగింది. వెనకనుంచి ఆరాధన దిగింది. ప్రేమావతి గబగబా కుర్చీ తుడిచి వేసింది. వాళ్ళింటి గుమ్మంలోకి సారు రావడం అదే మొదటిసారి.

"కాలెలా ఉంది? గుడ్. ఆరాధనని రాష్ట్రం పోటీలకి పెడుతున్నాను. ఇవాళ్టి నుంచే లాంగ్ రన్స్. నువ్వు స్కూటరు వెనక కూర్చుని టైము చెబుతుండు. రోడ్డు నీకు తెలుసు, ఊరికే ఇంట్లో ఉండి ఏం చేస్తావ్? కాలు బాగయ్యాక నీ సంగతీ చూద్దాం," అన్నాడు.

ప్రేమావతి ముఖం వెలిగింది. తను ఇచ్చిందానికి బదులు దొరికిందని ఆ ముఖం దాచుకోలేకపోయింది. షైని మాత్రం ఆరాధన వంక చూస్తోంది. వారంలోనే బుగ్గలు పోయాయి. ఆ పిల్ల నిలబడ్డ తీరులో ఏదో తేడా ఉంది. బరువంతా కుడికాలి మీదే వేసి, ఎడమకాలిని వేళ్ళ మీద ఆనించి నిలబడింది.

"పొద్దున ఏం తిన్నావే?"

ఆరాధన సారు వంక చూసి, "తిన్నానక్కా," అంది.

అచ్చం తనలాగే అంది. షైని తల తిప్పి తల్లిని చూసింది. ప్రేమావతి కూడా విన్నది. ఆ మాట ఆమె అంతకుముందు ఇదే గుమ్మంలో ఎన్నోసార్లు విన్నది. ముఖంలో వెలుగు ఆరిపోయింది. లోపలికి వెళ్ళింది. వేడన్నం, దోసకాయ పప్పు, రెండు గుడ్లు ఉడకబెట్టినవి కంచంలో పెట్టుకొచ్చి ఆరాధన చేతికిచ్చింది.

"కూర్చుని తినమ్మా."

"వద్దు ప్రేమావతమ్మా," అన్నాడు సారు. "రేపు కాటా ఉంది."

"తినాలి సారూ. చిన్నపిల్ల."

ప్రేమావతి ఆయనకి ఎదురుచెప్పడం అదే మొదలు. సారు నవ్వాడు.

"పిల్లల తిండి సంగతి నువ్వు చెప్పాలా? ఒకదాని కాలు విరగ్గొట్టావు, చాలదా?"

"విరగ్గొట్టింది మా అమ్మ కాదు సార్," అంది షైని. "తిండి మాన్పించింది మీరు. నొప్పి అంటే హారన్ కొట్టింది మీరు. ఆరాధనా, నువ్వు బండి మీదే ఉన్నావు, విన్నావు. కాలు నొప్పెడుతుంటే ఇప్పుడే చెప్పవే. ఇవాళే ఆపెయ్."

సారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"సంఘం మొత్తం ముందు మీ అమ్మే చెప్పింది కదమ్మా. నేనేమైనా చెప్పమన్నానా? ఇప్పుడు మాట మారిస్తే ఎవరు నమ్ముతారు?" అని ఆరాధన వైపు తిరిగాడు. "నీకు తినాలనుంటే తిను. నేనొద్దనను."

ఆరాధన కంచంలోకి చూసింది. గొంతులో గుటక దిగడం షైనికి కనిపించింది. ఆ పిల్ల కంచం తెచ్చి మెల్లగా మంచం మీద పెట్టింది.

"మీ ఇంట్లో ఏం ముట్టుకోవద్దని మా అమ్మ చెప్పింది పెద్దమ్మా," అంది. "దేవుడితో బేరం పెట్టుకున్న ఇల్లంట."

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఆ పిల్ల నిజంగానే భయపడుతోంది. రెండడుగులు వెనక్కి వేసి, కుంటు తెలియకుండా జాగ్రత్తగా నడిచి స్కూటరెక్కింది.

"నువ్వు ఇంట్లోనే రెస్ట్ తీసుకో షైనీ. టైము చెప్పడానికి ఇంకెవరినైనా చూస్తాలే," అని సారు బండి తిప్పాడు.

ప్రేమావతి గడప దాకా వెళ్ళి, పిలవబోయి, చెయ్యి దించేసింది. పక్కింటామె వాకిలి చిమ్ముతూ ఇటే చూసి, తలుపు దగ్గరగా వేసుకుంది. స్కూటరు చప్పుడు వీధి మలుపులో కలిసిపోయింది. ఏం మాట్లాడినా నమ్మే మనిషి ఊళ్ళో లేడని ఇద్దరికీ తెలిసింది. ఆ దారులన్నీ వాళ్ళే మూసుకున్నారు, ఒకరు చెప్పి, ఒకరు చెప్పకుండా.

"చల్లారిపోద్ది. నువ్వన్నా తిను," అంది ప్రేమావతి.

వద్దనాలనుకుంది షైని. కంచం ఒళ్ళో పెట్టుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పప్పులో పోపు, అన్నం వేడి, ఉప్పు అన్నీ ఒక్కసారిగా తగిలాయి. ఆ తర్వాత ఆగలేకపోయింది. ఆరాధన ఈపాటికి విస్సన్నపేట రోడ్డెక్కి ఉంటుందని, ఎడమ అంచునే పరిగెత్తుతూ ఉంటుందని తెలుసు. తెలిసీ రెండు గుడ్లూ తిన్నది, కంచం వేలితో తుడుచుకుని తిన్నది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇంకొంచెం పెట్టమ్మా," అంది.